గవరమ్మకి పిడికెడు మట్టి

కొండలింకా ఎదుగుతున్న కాలంలో, ఏటి పక్కన ఒక కుమ్మరి వీధి ఉండేదట. ఆ వీధిలో పోలయ్య ఒకరోజు సారె తిప్పుతూ తిప్పుతూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచేతి పిడికిలి బిగుసుకుపోయింది. ఇక కుండ లేదు, కూడు లేదు.

వీధి చివర గవరమ్మ ఉండేది. పురుళ్లు పోసి, పసిపిల్లలకు స్నానాలు చేయించే ముసలిది. పోలయ్య భార్య సింగమ్మ పరుగున వెళ్లి పిలుచుకొచ్చింది. వస్తూనే ఆ ముసలిది ఏం చేసిందో తెలుసా? బాగున్న ఎడమచేతిని పాత చీరపేలికతో పోలయ్య నడుముకు కట్టేసింది.

సింగమ్మ అడ్డం వచ్చింది. "పిన్నీ, ఉన్న సెయ్యి కూడా కట్టేత్తావేటి?"

"అదుంటే ఇది పన్జెయ్యదే" అంటూ గవరమ్మ ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పి, తడిమన్ను పెట్టింది. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. "ఒగ్గు, అల్లుడా, ఒగ్గు."

ఒగ్గడమంటే వదలడం. సింగమ్మకు మతిపోయింది. పట్టడం నేర్పమంటే వదలడం నేర్పుతుందేమిటీ మనిషి?

"పుట్టిన బిడ్డకి పట్టు ఎవులూ నేర్పరు. ఒగ్గడమే నేర్సుకోవాల" అంది గవరమ్మ.

ఎండలు పోయాయి. భుజం కదిలింది, పిడికిలి ఒగ్గలేదు. వానలు పోయాయి. మోచెయ్యి వంగింది, పిడికిలి ఒగ్గలేదు. మంచూ పోయింది. పోలయ్య విసిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె విననట్టే నూనె రాసి, "ఒగ్గు, అల్లుడా" అంది.

ఒక పొద్దున గవరమ్మ రాలేదు. సింగమ్మ వెళ్లి చూస్తే చాప మీద చల్లబడిపోయి ఉంది. పక్కనే, పోలయ్య కోసం తడిగుడ్డ కప్పి ఉంచిన మట్టిముద్ద.

గోతి దగ్గర తలా పిడికెడు మట్టి వేశారు. పోలయ్య వంతు వచ్చింది. ఎవరో అతని ఎడమచేతి కట్టు విప్పి మట్టి అందించబోయారు. ఎడమచేత్తో వేస్తే ఆమెకు మర్యాద కాదు. పోలయ్య తల అడ్డంగా ఊపి, కుడి పిడికిట్లో పెట్టించుకుని, చెయ్యి చాచాడు. ఒగ్గబోయాడు. రాలేదు. ఒగ్గమని చెప్పే మనిషి గోతిలో ఉంది.

సింగమ్మే అంది. "ఒగ్గు, మావా, ఒగ్గు."

మట్టి జారి గోతిలో పడింది. పోలయ్య తెరుచుకున్న అరచేతిని గోతి వైపు తిప్పి, "అత్తా, సూడవే" అని పెద్దగా ఏడ్చాడు.

ఆ వీధిలో ఇప్పటికీ ఎవరికి చెయ్యి పడిపోయినా, బాగున్న చేతిని చీరపేలికతో కడతారట. పడిపోయిన చేతిలో తడిమన్ను పెడతారట. ఎన్నాళ్లైనా పక్కనే కూర్చుని అంటూనే ఉంటారట: "గవరమ్మకి పిడికెడు ఒగ్గు."