మూసుకున్న ఆల్చిప్పలు

వరాలమ్మ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు; అడిగినవాణ్ణి లేపి ఎక్కడికో నడిపించే మనిషి. ఆ సంగతి తెలిసీ శిష్యుడు చిదంబరం అడిగాడు.

"అమ్మా, లోకంలోని మురికి మనకు అంటకుండా ఉండాలంటే నోరు మూసుకుని ఉండటమే కదా మార్గం?"

అడగడానికి అతని అవసరం అతనికుంది. మొన్న తెల్లవారుజామున స్నానానికి వెళ్లి, రేవులో చమురు కంపెనీ గొట్టం పగిలి నల్లటి నూనె ఉప్పుటేట్లోకి దిగడం కళ్లారా చూశాడు. చూసినవాడు అతనొక్కడే. అది జాలర్ల పడవలు కక్కిన నూనేనంటోంది కంపెనీ. విచారణకు రేపు అధికారి వస్తున్నాడు. ఏటి బురదలో ఆల్చిప్పలు ఏరుకుని బతికే ఎర్రమ్మ వచ్చి కాళ్లావేళ్లా పడింది: "మేం సెప్తే తాగి వాగుతున్నామంటారు. నువ్వు సెప్పు సామీ." సరిగ్గా ఆ పూటే చిదంబరానికి మౌనవ్రతం మీద మహా భక్తి పుట్టుకొచ్చింది. ఆశ్రమానికి రేకులు తీసి స్లాబు వేయిస్తామన్నది ఆ కంపెనీయే మరి.

వరాలమ్మ ఒక గిన్నెడు తేట సముద్రపు నీళ్లు పట్టుకుని ఏటి ఒడ్డుకు దారితీసింది. నీటి మీద నూనె నెమలికంఠం రంగుల్లో మెరుస్తోంది. చూడ్డానికి అందంగానే ఉంది, అదే రోత. ఎర్రమ్మ బురదలో చెయ్యిపెట్టి చిప్పలు తీస్తూ, నోరు తెరిచినవాటిని విసిరేసి, మూసుకున్నవాటిని బుట్టలో వేసుకుంటోంది.

"మూసుకున్నది మంచిది, తెరుసుకున్నది సచ్చింది. మాయమ్మ నేర్పిన లెక్క," అంది.

చిదంబరం మొహం వెలిగిపోయింది. "చూశారా అమ్మా! మూసుకున్నవి క్షేమంగానే ఉన్నాయి."

వరాలమ్మ గుప్పెడు చిప్పలు తీసి, పైజిడ్డు పోయేదాకా ఇసకతో తోమి, గిన్నెలో వేసింది. కూర్చున్నారు. ఎండెక్కింది. ఎన్నాళ్లని బిగబట్టుకుంటాయి? ఒక్కొక్క చిప్పా సందు చేసుకుని ఊపిరి తీసుకుంది. కాస్త ఇసక కక్కింది. దానితోపాటే సన్నటి నూనెపొర పైకి తేలి రంగులు తిరిగింది.

ఎర్రమ్మ వంగి వాసన చూసింది. లేచి బుట్ట మొత్తం బురదలోకి బోర్లించింది.

"నిన్న నా మనవరాలికి ఇయ్యే వొండి పెట్టాను. పొద్దున్నుంచీ కక్కతానే ఉంది," అని చిదంబరం వైపు తిరిగింది. "రేపైనా నోరిప్పుతావా సామీ?"

మర్నాడు అధికారి కుర్చీ ఎదుట చిదంబరం పెదవుల మీద వేలు పెట్టి, చేతులు జోడించి నిలబడ్డాడు. అధికారీ భక్తుడే, ఒకరి వ్రతం చెడగొట్టే పాపం మూటగట్టుకోలేదు. నూనె పడవలదేనని తేల్చి, కొబ్బరినీళ్లు తాగి, కంపెనీ కారులోనే వెళ్లిపోయాడు.

సాయంత్రం వ్రతం విడిచి చిదంబరం గురువు దగ్గరికి వచ్చాడు. "నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదమ్మా. నాకేం అంటదు కదా?"

వరాలమ్మ నిన్నటి గిన్నె అతని ముందుకు జరిపింది. పూటపూటకీ తేట నీళ్లు మార్చినా చిప్పలన్నీ నోళ్లు వెళ్లబెట్టి ఉన్నాయి.

"తట్టు," అంది.

తట్టాడు. బతికున్నదైతే చటుక్కున మూసుకోవాలి. ఒక్కటీ కదల్లేదు. కంపు మాత్రం లేచింది. చిదంబరం మొహం తిప్పుకున్నాడు.

"ఇటు చూడు నాయనా," అంది వరాలమ్మ. "ఇవి కూడా ఒక్క అబద్ధం ఆడలేదు."