బురద కాళ్ళ రాకుమారుడు

వెనకటికి, పిల్లలూ, సాలపురిని ధర్మసేతుడనే రాజు ఏలేవాడు. ఆయన భార్యనూ ముగ్గురు కొడుకులనూ వెంటబెట్టుకుని, ఏడు సముద్రాల అవతలున్న రాణిగారి పుట్టింటికి ఓడ మీద వెళ్ళాడు. వెళ్ళడానికి మూడేళ్ళు, ఉండడం మూడేళ్ళు, రావడానికి మూడేళ్ళు. తొమ్మిదేళ్ళు ఇల్లు వదిలేస్తే ఏమవుతుంది? ఎవడో ఒకడు చేరతాడు. కరాళుడనే మాంత్రికుడు చేరాడు.

వాళ్ళు ఓడ దిగి, బురదలో నడిచి కోట గుమ్మానికి వచ్చేసరికి, కరాళుడు వెండి చెంబుతో ఎదురొచ్చాడు.

"రండి, రండి! దూరపు చుట్టాలు. కాళ్ళు కడుక్కోండి."

ఆ దేశంలో కాళ్ళకు నీళ్ళిచ్చినవాడు ఇంటి యజమాని, పుచ్చుకున్నవాడు చుట్టం. చుట్టం మూడు రోజులుండి వెళ్ళిపోవాలి. పైగా అవి మంత్రించిన నీళ్ళు.

పెద్దవాడు జయకేతు, "నీళ్ళేగా, పోనీ" అని కాళ్ళు చాచాడు. వెంటనే తన ఇల్లు తానే మరచిపోయి, "ఇల్లు బాగుందండీ, ఎవరిది?" అన్నాడు. రెండోవాడు విజయకేతు, "వద్దంటే ఏమనుకుంటారో" అని కాళ్ళు చాచాడు. వాడూ అదే అడిగాడు. ఒకణ్ణి బద్ధకం చెరిచింది, ఒకణ్ణి మొహమాటం చెరిచింది.

చిన్నవాడు ఉదయకేతు చెంబును పక్కకు తోసేశాడు.

"నా ఇంట్లో నాకు నీళ్ళివ్వడానికి నువ్వెవడివి?"

"మోకాళ్ళదాకా బురద! ఆ కాళ్ళతోనే లోపలికొస్తావా? సిగ్గులేదూ?"

"నా ఇల్లు, నా బురద. నేనే తొక్కుతాను, నేనే కడుగుతాను. తప్పుకో!"

రాణి, రాజుతోపాటు గుమ్మం ముందే కూర్చుంది. "వెళ్ళు నాయనా. దాహంతో చచ్చినా మేం వాడి నీళ్ళు ముట్టం" అంది.

కరాళుడు మూడుసార్లు మంత్రం వేశాడు. నీళ్ళు ముట్టనివాడికి మూడుసార్లూ తగల్లేదు. గుర్రపుశాలలోంచి, ఈ తొమ్మిదేళ్ళూ అంతా చూస్తూ ఉన్న రాజుగారి ముసలి గుర్రం పిలిచింది.

"చిన్నదొరా! వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక మేడమీది పంజరంలో ఉంది!"

ఉదయకేతు మేడెక్కి పంజరం పట్టుకున్నాడు. కరాళుడు వెనకే పరుగెత్తుకొచ్చి కాళ్ళమీద పడ్డాడు.

"సగం రాజ్యం ఇస్తాను, వదిలెయ్!"

"నాది నాకు సగమిస్తావా?" అని ఉదయకేతు చిలక మెడ పట్టబోయాడు.

"నన్ను చంపకు" అంది చిలక. "వీడు నన్నూ మా ఇంటినుంచి ఎత్తుకొచ్చాడు. తలుపు తీయి చాలు. నా అంతట నేను బయటికొస్తే వాడి ప్రాణం నిలవదు."

తలుపు తీశాడు. చిలక బయటికి వచ్చింది. కరాళుడు బూడిదయ్యాడు. వాడి మంత్రం విడిపోయి, చిలక నిలుచున్న చోట నీలవేణి అనే రాకుమార్తె నిలుచుంది. అన్నలిద్దరికీ తెలివొచ్చింది, తలలు వంచుకున్నారు. ఉదయకేతు అన్నమాట ప్రకారం గచ్చంతా తానే కడిగాడు. మాటంటే అలా ఉండాలి.

"మా చిన్నవాణ్ణి చేసుకుంటావా తల్లీ?" అని రాణి అడిగింది.

"ముందు మా ఇంటికి వెళ్ళాలి. మా అమ్మను చూసి పదేళ్ళయింది. కావలిస్తే అక్కడికొచ్చి అడగండి."

"వస్తాం" అన్నాడు ఉదయకేతు.

మళ్ళీ ఓడెక్కారు. ఈసారి రాజు ఇల్లు ఖాళీగా వదల్లేదు. పెద్దకొడుకులిద్దరినీ గుమ్మానికి చెరోవైపు నిలబెట్టి మరీ వెళ్ళాడు. పెళ్ళి నీలవేణి పుట్టింట్లో జరిగింది. రాజు రాజ్యం చిన్నవాడికే ఇచ్చాడు. ఉదయకేతు, నీలవేణి తిరిగొచ్చి అరవై ఏళ్ళు ఒకరికి తలవంచకుండా, ఒకరిని తలవంచమనకుండా ఏలారు.