పదిహేడు వరసల కాగితం

పచ్చ గుర్తు వచ్చాక కూడా గురువుగారు ఎందుకు మెచ్చుకోలేదో శాంతచైతన్యకు అర్థం కాలేదు.

కొండ కింది ఆశ్రమంలో కంటి ఆసుపత్రి ఉంది. మూడు నెలలకోసారి పట్నం నుంచి డాక్టర్లు వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్తారు. ఏ రోజు రావాలో రోగుల ఫోన్లకు కబురు పంపే ప్రోగ్రాం శాంతచైతన్య రాశాడు. ఎవరికైనా కబురు వెళ్లకపోతే ప్రోగ్రాం ఆగేది కాదు. ఆ లోపాన్ని పట్టుకుని, కిక్కురుమనకుండా తర్వాతి పేరుకు పోయేది.

కోడ్‌ను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ దీనికి ఒప్పుకోలేదు. పట్టుకున్న లోపాన్ని లాగ్‌లో, అంటే ప్రోగ్రాం రాసుకునే చిట్టాలో, రాయాలంటూ ఎర్ర గుర్తు పెట్టింది. అతను ఒక్క వాక్యం చేర్చాడు. గుర్తు పచ్చబడింది.

గురువుగారు నిర్మోహానందస్వామి పూర్వాశ్రమంలో ఇంజనీరు. తెర వంక చూసి, "తనిఖీకి తృప్తేనా?" అన్నారు.

"పూర్తిగా, స్వామీజీ."

"మంచిది."

ఆ ఒక్క మాటను శాంతచైతన్య మూడు రోజులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఏమీ తేలలేదు.

బుధవారం పొద్దున స్వామి మళ్లీ పిలిచారు. "ఎల్లుండే ఆపరేషన్లు. కబురు అందనివాళ్లు ఎందరు?"

"పదిహేడు మంది. లాగ్‌లో ఉంది స్వామీజీ."

"ప్రింటు తీసుకుని వెళ్లు. వాళ్లకు చెప్పి రా." తన గొడుగు అందించారు. "ఎండగా ఉంది."

గేటు ముందు బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు. "ఏ ఊరు స్వామీ?"

శాంతచైతన్య కాగితం విప్పాడు. లోపం వచ్చింది. లోపం వచ్చింది. లోపం వచ్చింది. అలా పదిహేడు వరసలు. వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉంది.

"స్వామిగారికి ఊరే తెలీదంట. రైట్, రైట్."

దుమ్ము సర్దుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి వరండాలో, ఫోను పక్కన, రోగుల పుస్తకం తెరిచి ఉంది. రెండు వందల నలభై పేర్లు.

"వీళ్లలో ఎవరు స్వామీజీ?"

"నన్నడుగుతావేం నాయనా? పట్టుకున్నవాడివి నువ్వు."

శాంతచైతన్య గొడుగును గోడకు ఆనించాడు. ఫోను దగ్గరికి లాక్కుని మొదటి నంబరు నొక్కాడు.

"బోడెమ్మ గారా? శుక్రవారం రమ్మని మీకు కబురు అందిందా అమ్మా?"