బొచ్చప్ప పొరుగు నెగడు

ఎప్పుడో మనుషులు ఇంకా కొండలెక్కని కాలంలో, పొగమంచు కొండని ఒక ఎలుగుబంటి రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు నిద్రప్ప. చలి మొదలైతే చాలు, గుర్రుపెట్టి పడుకునేవాడు. నడిపివాడు బొచ్చప్ప. చిన్నవాడు తేనప్ప.

చలికాలంలో అక్కడ నెగళ్ళ పండుగ చేసుకునేవాళ్ళు. సాయంత్రం కాగానే ఎవరి వాకిట్లో వాళ్ళు చలిమంట వేస్తారు. దాన్నే నెగడు అంటారు. ఇరుగుపొరుగు వచ్చి దాని చుట్టూ కూర్చుని, కాల్చిన చిలగడదుంపలు తింటూ కబుర్లు చెప్పుకుంటారు. ఆ ఏడు రాజుగారు చాటింపు వేయించారు: "పండుగ ఆఖరి సాయంత్రం ఎవరి నెగడు దగ్గర పొరుగువాళ్ళు ఎక్కువమంది కూర్చుంటే వాడే యువరాజు!"

నిద్రప్ప ఎలాగూ లేవడు. ఇక మిగిలింది ఇద్దరే. బొచ్చప్ప తమ్ముడి కన్నా పెద్ద మంట వేశాడు. కుందేళ్ళు వచ్చి, "అమ్మో, సెగ!" అని తేనప్ప దగ్గరికి పోయాయి. తర్వాత తమ్ముడి కన్నా ఎక్కువ దుంపలు కాల్చాడు. కోతులు వచ్చి చేతినిండా తీసుకుని, తేనప్ప దగ్గర కూర్చుని తిన్నాయి. చివరికి గొంతెత్తి పాట పాడాడు. ముళ్ళపంది తాత ఒక్కడే మిగిలాడు. ఆయనకి చెవుడు.

తమ్ముడి వాకిట్లో నవ్వులు వినపడినప్పుడల్లా బొచ్చప్ప కడుపు మండిపోయేది. "వాడిలో ఏముందని! నాలుగు పిచ్చి కబుర్లు చెబుతాడు, అంతేగా!" అని పళ్ళు నూరుకునేవాడు.

ఇక ఉండబట్టలేక ఏడు వాగులు దాటి మంచుమాయుడనే ఎలుగుబంటి మాంత్రికుడి గుహకి వెళ్ళాడు. మాంత్రికుడు కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన భుజం మీద ఒక చిలక.

"మా తమ్ముడి నెగడు ఆరిపోవాలి" అన్నాడు బొచ్చప్ప.

"మీ తమ్ముడి ఇల్లెక్కడ?"

"మా పక్కిల్లే."

"అయితే ఈ బూడిద మీ గుమ్మంలో చల్లి, 'పొరుగువాడి నెగడు ఆరిపోవాలి' అను. అంతే!"

బొచ్చప్ప పరుగున ఇంటికొచ్చి చల్లాడు, అన్నాడు. తేనప్ప మంట టప్పున ఆరిపోయింది. బొచ్చప్ప చంకలు గుద్దుకున్నాడు. ఇంతలో తేనప్ప పొరుగున ఉన్న కుందేళ్ళ మంట ఆరిపోయింది. కుందేళ్ళ పొరుగున కోతులది, కోతుల పొరుగున ముళ్ళపంది తాతది, అలా కొండ చుట్టూ తిరిగొచ్చి బొచ్చప్ప మంట కూడా ఆరిపోయింది. మళ్ళీ ఎంత రాజేసినా నిప్పు అంటుకోలేదు. చలికి కుందేలు పిల్లలు నీలుక్కుపోసాగాయి. అవి ఏడుస్తుంటే బొచ్చప్ప ఇంట్లో నిలవలేకపోయాడు.

మళ్ళీ ఏడు వాగులూ దాటి పోయాడు.

"మోసం చేశావు! నేను అడిగింది మా తమ్ముడి మంట!"

మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నువ్వు మీ తమ్ముడికి పొరుగువాడివి కావుటోయ్? కొండమీద పొరుగువాడు కానివాడు ఎవడు? ఒక్క ఏడాదైనా నన్నెవరైనా నెగడు దగ్గరికి పిలిచారా? పడండి, అందరూ వణకండి!"

"ఆయన్నేమీ చెయ్యలేవు" అంది చిలక గొప్పగా. "ఆయన ప్రాణం నాలో ఉంది. నాకేమైతే ఆయనకీ అదే అవుతుంది."

బొచ్చప్పకి మంత్రాలు రావు. కానీ కుళ్ళు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ మండుతుందో తనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? చేతులు కట్టుకుని చిలక వైపు తిరిగాడు.

"చిలకమ్మా, ఆ మంత్రాలన్నీ నీవేనటగా? ఈయన ఊరికే పెదాలు ఆడిస్తాడట. కొండంతా నీ పేరే చెప్పుకుంటోంది."

"ఎవరన్నారు?" అని లేచాడు మాంత్రికుడు.

"ఒకరా, ఇద్దరా?"

చిలక మెడ సాచి, "ఉన్నమాటేగా! నేను లేకపోతే నీకు ఒక్క మంత్రమైనా గుర్తుంటుందా?" అంది.

మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది. "నీ నోరు పడిపోను!" అని అరిచాడు.

మాంత్రికుడి నోట తిట్టొచ్చినా మంత్రమే కదా! చిలక నోరు పడిపోయింది. దానితోపాటు ఆయన నోరూ పడిపోయింది. నోరే లేకపోతే మంత్రమెక్కడ? బూడిద మహిమ అక్కడితో సరి.

బొచ్చప్ప కుంపటి ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూశాడు. మాంత్రికుడు చీకటి గుహలో ముడుచుకుని కూర్చున్నాడు. ఎవరూ పిలవని ముఖం అది. బొచ్చప్పకి ఆ ముఖం బాగా తెలుసు.

"లేవండి. మా నెగడు దగ్గర కూర్చుందురుగాని" అన్నాడు.

కొండకి చేరగానే ఇంటింటికీ నిప్పు పంచాడు. మొదట కుందేళ్ళకి ఇచ్చాడు. తను చేసిన పని తనే అందరికీ చెప్పి తల దించుకున్నాడు. కొందరు తిట్టారు. కొందరు, "నిప్పు తెచ్చాడుగా, పోనీ" అని ఆయన మంట దగ్గరే కూర్చున్నారు.

అది పండుగ ఆఖరి సాయంత్రం. రాజుగారు అటూ ఇటూ లెక్కపెట్టారు. ఇద్దరి దగ్గరా సరిసమానం!

అప్పుడు తేనప్ప తన నెగడు వదిలి లేచాడు. తిన్నగా వచ్చి అన్న పక్కన చతికిలబడ్డాడు.

"కాస్త జరుగన్నా. అక్కడ పొగ."

అక్కడ పొగ లేదు. ఇద్దరికీ తెలుసు, రాజుగారికీ తెలుసు. అయినా, "బొచ్చప్పే యువరాజు!" అన్నారాయన.

బొచ్చప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఛీ! ఇందులోనూ వీడే నాకన్నా మంచివాడయ్యాడే!" అనుకున్నాడు. అనుకుని, జరిగి తమ్ముడికి చోటిచ్చాడు.

తర్వాత బొచ్చప్పకి పక్క కొండ రాకుమారితో పెళ్ళయింది. నిద్రప్ప ఆ పెళ్ళి కూడా చూడలేదు. బొచ్చప్ప చాలా ఏళ్ళు చల్లగా రాజ్యమేలాడు. మరి కుళ్ళు పోయిందా అంటారా? పోలేదర్రా! ఏటా పండుగ నాడు అందరికన్నా ముందు తనే పరిగెత్తి తమ్ముడి నెగడు దగ్గర కూర్చునేవాడు, తమ్ముడే ముందు తన దగ్గరికి వచ్చేస్తాడేమోనని.