పువ్వుకి కాళ్ళొచ్చిన రోజు

అనగనగా మబ్బులు గడప దాకా వచ్చి కూర్చునే ఒక కొండ ఊళ్ళో సుక్రి అనే పిల్ల ఉండేది. శుక్రవారం పుట్టింది కనక సుక్రి. ఆ ఊళ్ళో పేర్లు అలాగే పెట్టుకుంటారమ్మా.

ఆ ఊరి నుంచి కింద సంతకి ఒకటే కాలిబాట. బాట పొడుగునా పసుపుపచ్చ పూల మొక్కలు. మొక్కలంటే నీ మోకాలి దాకా వచ్చేవి కావు, మీ నాన్న చెయ్యెత్తితే అందేంత ఎత్తు! పొద్దుతిరుగుడుకి చెల్లెలి వరస. ఒక్క పువ్వు అంటాం గానీ, కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తే నడిమధ్య బోలెడన్ని బుల్లి పూలు ఒకే ఇంట్లో పడుకున్నట్టు ఒత్తుకుని ఉంటాయి.

ఆ ఊరి వాళ్ళకి ఒక అలవాటు ఉంది. సంతకి వెళ్ళేటప్పుడు ఎండిన పువ్వు ఒకటి నలిపి, ఆ గింజలు దారి పక్కన చల్లుతూ నడుస్తారు. సుక్రీ చల్లేది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు.

ఒకసారి సుక్రి తమ్ముడికి పేరు పెట్టే పండగ వచ్చింది. పండగ ముందు రోజు అమ్మ వాణ్ణి వీపున కట్టుకుని, బెల్లం, కొత్త గుడ్డ తెస్తానని సంతకి బయల్దేరింది. నాన్నా, మిగతా వాళ్ళూ అవతలి కొండ మీద సామల కోతకి పోయారు. ఇంటి దగ్గర సుక్రి, పక్కింట్లో మోకాళ్ళ నొప్పుల బుద్రి అవ్వ మిగిలారు.

'అమ్మ వచ్చేసరికి ఇల్లంతా పసుపుపచ్చగా చేసేస్తాను' అనుకుంది సుక్రి.

అప్పుడు కొడవలి తీసుకుని వెళ్ళింది. మొదటి మలుపు దగ్గర ఒక మోపు కోసింది. ఆ తర్వాత రెండో మలుపు దగ్గర ఒక మోపు. ఆ తర్వాత లోయ అంచున ఉన్న మూడో మలుపు దగ్గర ఒక మోపు. మధ్యలో ఉన్నవి కూడా వదల్లేదు. అన్నీ మోసుకొచ్చి వాకిట్లో పోస్తే, ఎండ వచ్చి అక్కడే కూర్చున్నట్టుంది.

ఇంకా పొద్దు గూకలేదు, లోయలోంచి మంచు లేచింది. మెల్లగా, పాలు పొంగినట్టు. చెట్లు మునిగాయి, ఇళ్ళు మునిగాయి. గుమ్మంలో నిలబడ్డ బుద్రి అవ్వ పూల గుట్ట చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! ఇయ్యన్నీ ఎక్కడ కోశావే గుంటా?"

"బాట పక్కనే అవ్వా. బాగున్నాయి కదా?"

"నువ్వు కోసింది పూలు కాదే, దారి! మంచులో పసుపు ఒక్కటే కనబడతాది. ఆ పూలు చూసుకునే మీ యమ్మ ఇంటికొస్తాది."

సుక్రి గబుక్కున బాట వైపు తిరిగింది. మూడో మలుపు దగ్గర పశువుల బాట ఒకటి పక్కకి చీలుతుంది. అది తిన్నగా లోయ అంచుకే పోతుంది.

"కేకెయ్యనా అవ్వా?"

"ఎయ్యకు. కొండల్లో కేక నాలుగు పక్కల నించీ ఇనబడతాది. ఎటెళ్ళాలో తెలీక ఇంకా తికమక పడతాది."

అప్పుడు సుక్రి పూలన్నీ ఒక కట్ట కట్టి నెత్తికెత్తుకుంది. మంచులోకి దిగింది. తన చెయ్యి తనకే కనపడలేదు. మరి ఎలా వెళ్ళిందంటావా? తను కోయగా మిగిలిన మోళ్ళు ఉన్నాయి కదా! మోకాలి ఎత్తున, తడితడిగా, జిగురు జిగురుగా. వాటిని ఒక్కొక్కటే తడుముకుంటూ వెళ్ళింది.

మొదటి మలుపు దగ్గర కొన్ని పూలకాడలు బురదలో గుచ్చింది. ఆ తర్వాత రెండో మలుపు దాకా దారంతా గుచ్చుకుంటూ పోయింది. అవి మంచులో చిన్న చిన్న దీపాల్లా నిలబడ్డాయి. ఆ తర్వాత మూడో మలుపు చేరింది. కట్టలో చెయ్యి పెట్టి చూస్తే ఒక్కటే పువ్వు మిగిలింది.

ఒక్కటి ఎవరికి కనపడుతుంది? సుక్రి పశువుల బాటకి అడ్డంగా నిలబడి, రెండు చేతులతో ఆ పువ్వుని పైకెత్తింది. కాళ్ళు వేర్లనుకుంది, ఒళ్ళు కాడ అనుకుంది. చేతులు లాగినా దించలేదు. మంచు జుట్టు మీద బొట్లు బొట్లుగా కూర్చుంది.

ఆ మలుపుకి కాస్త కింద, అమ్మ పూల వెంట నడిచి నడిచి, పూలు ఆగిపోయిన చోట ఆగిపోయింది. బాట ఎటో తెలియలేదు. లోయ వైపు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. మూడో అడుగు వెయ్యబోతూ తలెత్తి చూస్తే, పక్కగా పైన ఒకే ఒక్క పసుపు చుక్క. అది వణుకుతోంది.

అమ్మ అటు తిరిగింది. దగ్గరికొచ్చి వీపు మీది పిల్లాడితో అంది, "చూశావట్రా, ఈ ఏడాది పువ్వుకి కాళ్ళొచ్చాయి!"

అప్పుడు సుక్రి పువ్వు దించి అమ్మ నడుం చుట్టేసి ఏడ్చింది. "అమ్మా, దారి నేనే కోసేశాను."

అమ్మ తిట్టలేదు. "నీకు చెప్పకపోవడం మా తప్పే" అంది. ముగ్గురూ దీపాల్లాంటి పూల మధ్య నుంచి ఇల్లు చేరారు.

మర్నాడు పండగ పూలు లేకుండానే జరిగింది. వానలు రాగానే మోళ్ళన్నీ చిగురించాయి. ఇంకో ఏడాదికి తమ్ముడు తప్పటడుగులు వేస్తూ సంతకి బయల్దేరాడు. సుక్రి వాడి బుల్లి గుప్పిట్లో గింజలు పోసి, చల్లక ముందే చెప్పింది, "ఇవి అమ్మ ఇంటికి రావడానికిరా."

పువ్వు కొండకి, మంచు లోయకి,
అమ్మ గుమ్మానికి, కథ కంచికి,
మనం ఇంటికి, నిద్ర నీ కంటికి.