గాజుల నాగన్న పాత బండి

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున వాగుదరి అని ఒక ఊరు. ఏరు మంచిదే కానీ కోపం ఎక్కువ. ఒక ఏడు వానాకాలంలో దానికి కోపం వచ్చింది. గాదెల్లో విత్తనాలు, వాకిళ్ళలో బండ్లు, కొట్టాల్లో ఎడ్లు అన్నిటినీ ఊడ్చుకుపోయింది. మనుషులు మిట్ట ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

వరద తగ్గాక ఊరికి మిగిలింది ఒండ్రుమట్టి. ఒండ్రుమట్టిలో పంట బాగా పండుతుంది. కానీ చల్లడానికి గింజ ఉండాలి కదా. కోతికనుమ అనే కొండదారికి అవతలి ఊరివాళ్ళు ఈ సంగతి విని జాలిపడ్డారు. "ఒక బండెడు విత్తనాల వడ్లు ఇస్తాం, తొలకరి లోపల వచ్చి తీసుకెళ్ళండి" అని కబురు పెట్టారు. తొలకరి దాటితే అదును పోతుంది. అదును పోతే ఆ ఏడాది వాగుదరిలో పొయ్యి వెలగదు.

ఊరంతా తలా కాస్త వేసుకుని ఒక బండికీ, ఒక జత ఎడ్లకీ సరిపడా డబ్బు పోగుచేశారు. కొత్త బండికి అది చాలదు. పాత బండే కొనాలి. ఆ పాత బండి నిండా విత్తనాలతో కనుమ ఎక్కి దిగాలి. దారిలో అది విరిగిందా, తెచ్చుకోవడానికి ఇంకో బండి లేదు, అడగడానికి ఇంకో బండెడు గింజలూ లేవు.

మరి సంతకు ఎవరు వెళ్ళాలి? పైవీధివాళ్ళు వెళతామంటే కిందివీధివాళ్ళకు అనుమానం. కిందివీధివాళ్ళు వెళతామంటే పైవీధివాళ్ళకు అనుమానం. ఎవరు వెళ్ళినా తమ చుట్టాల బండే కొనుక్కొస్తారని మిగతావాళ్ళ భయం. పొద్దుటినుంచి పొద్దుగుంకే దాకా అరుచుకుంటే చివరికి అందరికీ సమ్మతమైన మనిషి ఒక్కరే తేలారు. ఆమె పేరిందేవమ్మ.

పేరిందేవమ్మకు బండ్ల గురించి ఏమీ తెలియదు. ఆమె పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి. ఆ ఊళ్ళో సగం కాపురాలు ఆమె చేతిమీదుగా మొదలైనవే. కాపురం బాగున్నవాళ్ళు ఆమెను నమ్మేవాళ్ళు. బాగులేనివాళ్ళు కూడా, ఆ సంబంధం వద్దని ఆమె ముందే చెప్పిన సంగతి గుర్తుండి, నమ్మేవాళ్ళు. ఆమెకు తోడుగా ఊరిపెద్ద అయిన పెద్దకాపు బావమరిది గుర్నాథాన్ని పంపారు. అతనికి బండి తోలడం వచ్చు. బండ్ల గురించి తనకు తెలియనిది లేదని కూడా అనుకునేవాడు.

ఇద్దరూ చింతలమిట్ట సంతకు చేరారు. ఆ సంతలో ఒక పద్ధతి ఉంది. బండ్లు ఒక వరస, ఎడ్లు ఇంకో వరస. రెంటికీ మధ్య కుండల గుట్టలు, మిరపకాయల బస్తాలు. కొనేవాళ్ళు ముందు బండ్ల వరసకు వెళ్ళి, కాడి ఎత్తి చూసి, చక్రం మీద చరిచి, బేరమాడేవాళ్ళు. ఆ తర్వాత ఎడ్ల వరసకు వెళ్ళి వయసులో ఉన్న జతను ఏరుకునేవాళ్ళు. కొన్న బండిని ఇన్నాళ్ళూ లాగిన ఎడ్లు ఏవో, అవి ఎక్కడున్నాయో ఎవరికీ పట్టేది కాదు.

మొదటి బండి సోమలింగం అనే బేరగాడిది. బండికి పచ్చ రంగు, చక్రాలకు ఎర్ర రంగు, కాడికి ఇత్తడి గంటలు. చూస్తే ఎక్కి కూర్చోవాలనిపించేలా ఉంది.

"ఇది పెద్దగా తిరగలేదమ్మా," అన్నాడు సోమలింగం. "పెళ్ళి ఊరేగింపులకు తప్ప బయటికి తీయలేదు. ఎక్కడైనా ఒక అతుకుందేమో చూడండి. ఒక్కసారి కూడా వడ్రంగి చెయ్యి పడని బండి."

గుర్నాథం చుట్టూ తిరిగి చూశాడు. నిజంగానే ఒక్క అతుకూ లేదు. అతని మనసు అక్కడే పడిపోయింది.

రెండో బండి పోతురాజు అనే వాడిది. నల్లటి బండి, చక్రాలకు దిట్టమైన ఇనుప కట్లు. "కోటగోడకు రాళ్ళు మోసింది ఇది," అన్నాడు పోతురాజు. "రాళ్ళు మోసినదానికి వడ్లు ఒక లెక్కా? తీసుకుంటే చెప్పండి, నేను తొందరగా వెళ్ళాలి."

మూడో బండి వరస చివర ఉంది. దానికి రంగు లేదు. చక్రాల నడుమ ఉండే ఆకుకర్రల్లో కొన్ని ఒక చెక్క, కొన్ని ఇంకో చెక్క. కాడికి ఒక అతుకు, కాడిని బండికి కలిపే నొగలకు ఒక అతుకు, అడుగు పలకలకు లెక్కలేనన్ని. దాని పక్కన గాజుల నాగన్న అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఇది ఎంత తిరిగిందో నేనే చెప్పలేను తల్లీ," అన్నాడు నాగన్న. "మా నాన్న తిప్పాడు, ఆయన తర్వాత నేను తిప్పాను. గాజులు వేసుకుని సముద్రం దాకా పోయేవాళ్ళం, వచ్చేవాళ్ళం. ఇప్పుడు నాకు చూపు ఆనడం లేదు. అందుకే అమ్ముతున్నా."

అంతటితో ఆగక అతనే ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టాడు. "మీరేం మోస్తారు తల్లీ? ఏ దారిన పోతారు? తోలేది ఈ అబ్బాయేనా? చేతిలో చర్నాకోల ఎందుకు? వానలో బండిని బయట వదిలేస్తారా?"

గుర్నాథానికి ఒళ్ళు మండింది. "డబ్బిచ్చి కొనేది మేము. ఆరాలు తీసేది నువ్వా?" అని పేరిందేవమ్మను పక్కకు పిలిచాడు. "అత్తా, ఈ అతుకుల బొంతని చూస్తూ కూర్చుంటే పచ్చబండి ఎవరో ఎగరేసుకుపోతారు. రా, బేరం తేల్చేద్దాం."

"ఉండు నాయనా, ఎడ్లను చూసొద్దాం," అంది పేరిందేవమ్మ.

"బండి కొనకుండా ఎడ్లెందుకు?"

"నేను సంబంధం చూడటానికి వెళితే పెళ్ళికొడుకునీ, వాళ్ళ నాన్ననీ అడగను. వాళ్ళు ఎలాగూ మంచే చెబుతారు. పక్కింటివాళ్ళను అడుగుతాను. అందులోనూ రెండో పెళ్ళివాడైతే, మొదటి పెళ్ళాం పుట్టింటిదాకా వెళ్ళి మరీ అడుగుతాను. ఈ బండ్లన్నీ రెండో పెళ్ళివే కదా."

ఆ రోజుల్లో ఎడ్లు మాట్లాడేవి. కాకపోతే వాటిని పలకరించేవాళ్ళే తక్కువ.

సోమలింగం ఎడ్లు బాగా బలిసి ఉన్నాయి. వాటి ముందు పచ్చగడ్డి పడి ఉంది. పేరిందేవమ్మ యజమాని ఎలాంటివాడని అడిగింది.

"బంగారం లాంటివాడు," అంది వాటిలో పెద్దది. "ఎప్పుడూ మమ్మల్ని దారిలో నిలబెట్టి విసిగించలేదు. కందెన అనీ, మరమ్మతు అనీ కాలయాపన చేసే రకం కాదు. ఉప్పు వేసుకుని బయల్దేరితే సముద్రం నుంచి ఇంటిదాకా ఒకటే పరుగు. రాళ్ళైనా గుంటలైనా అదే పరుగు."

"పెళ్ళి ఊరేగింపులకు వెళ్ళలేదా?"

"పెళ్ళా? ఎవరిది?" అంది ఎద్దు.

పోతురాజు ఎడ్లు పెద్దగా మాట్లాడే రకం కాదు. "మోస్తాం. ఎంతైనా మోస్తాం," అన్నాయి. పేరిందేవమ్మ వాటి మెడలు చూసింది. రెండింటికీ ఒకే పక్క కాయకట్టి, వాచి ఉంది.

"ఒక పక్కే వాచిందేం?"

"బండి ఎప్పుడూ ఆ పక్కకే లాగుతుంది," అంది ఒక ఎద్దు. "ఇరుసు వంగిందని మా ముందున్న జత అంటుండేది. అది పోయింది. దాని ముందరి జతా పోయింది. మాకు అలవాటైపోయిందిలే."

పేరిందేవమ్మ కాసేపు దాని మెడ నిమిరి ముందుకు నడిచింది.

నాగన్న ఎడ్లు ముసలివి కావు, పడుచువీ కావు. యజమాని మాట ఎత్తగానే రెండూ ఒక్కసారిగా మొదలుపెట్టాయి.

"ఆయన చాదస్తం నీకేం చెప్పమంటావమ్మా. మేం పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్కరోజు కసిదీరా పరిగెత్తి ఎరగం. బండిలో గాజులున్నాయంటాడు. గుంట కనిపిస్తే చాలు, దిగుతాడు. పగ్గం పట్టుకుని నడిపిస్తాడు."

"ఏరు దాటితే చక్రం తడుముతాడు," అంది రెండోది. "కనుమ దిగేముందు నాలుగు మూలలా తట్టి చూస్తాడు. చిన్న కిర్రుమన్న చప్పుడైనా వడ్రంగి ఇంటి ముందు మమ్మల్ని పూటంతా నిలబెడతాడు. ప్రాణం విసిగిపోయిందనుకో."

"పాపం," అని పేరిందేవమ్మ వెంట ఉన్న గుర్నాథం వైపు తిరిగి, "నాగన్న బండి తీసుకుందాం. ఎడ్లు కూడా ఆయనవే కావాలి," అంది.

గుర్నాథం తెల్లబోయాడు. "అదేంటత్తా? సోమలింగాన్ని వాడి ఎడ్లే నెత్తిన పెట్టుకున్నాయి. నాగన్నను ఆయన ఎడ్లే తిట్టిపోశాయి. తిట్లు తిన్నవాడి బండి కొంటావా?"

"పొగడ్తలో ఏముందో విన్నావా? ఉప్పు మోసుకుంటూ, ఆపకుండా, కందెన వేయకుండా పరిగెత్తించాడు. పైగా పెళ్ళిళ్ళని మనకు అబద్ధం చెప్పాడు. అంత తిరిగిన బండికి అతుకు లేదంటే విరగలేదని కాదు నాయనా, విరిగినచోట రంగు పూశాడని. ఇక తిట్లలో ఏముందో చూడు. 'మా ఆయన ప్రతిదీ పదిసార్లు చూసుకుంటాడమ్మా, వేగలేకపోతున్నా' అని ఏ ఇల్లాలైనా నాతో చెబితే, ఆ ఇంటికి నేను కళ్ళు మూసుకుని పిల్లనిస్తాను."

"మరి ఆ ముసలాయన ఆరాలు?"

"పిల్లను ఎలాంటి చోటికి ఇస్తున్నామని అడక్కుండా పెళ్ళి చేస్తున్నారంటే, ఆ పిల్లను వదిలించుకుంటున్నారన్నమాట. మిగతా ఇద్దరూ మనల్ని ఒక్క మాటైనా అడిగారా?"

గుర్నాథానికి ఒప్పుకోవాలని లేదు. అయినా ఆమె వెనకే నాగన్న దగ్గరికి నడిచాడు.

బేరం కుదిరింది. నాగన్న కాడి మీద చెయ్యి వేశాడు. "బాధగానే ఉంది తల్లీ. ఇంట్లో మనిషిని పంపుతున్నట్టుంది," అన్నాడు. తర్వాత గుర్నాథం చేతిలోంచి చర్నాకోల తీసుకుని, బదులుగా ఒక కందెన గొట్టం పెట్టాడు.

అవతలి ఊరివాళ్ళు మాట తప్పలేదు. బండి నిండా విత్తనాల బస్తాలు నింపి పంపారు. తిరుగు ప్రయాణంలో ఆకాశం నల్లబడింది. తడి గాలి మొదలైంది. గుర్నాథం ఎడ్లను అదిలించాడు.

కనుమ ఎక్కుతుంటే దారి పక్కన ఒక బండి వాలిపోయి కనిపించింది. పచ్చ రంగు బండి. ఇరుసు రెండు ముక్కలైంది. విరిగినచోట లోపలంతా పాత చీలిక, దాని నిండా పిండిలా రాలే పుచ్చు. మిరపకాయలు లోయలోకి దొర్లిపోయాయి. బండినీ వాటినీ కొనుక్కొచ్చిన వర్తకుడు తల పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు.

"పెళ్ళిళ్ళకు తప్ప తిరగలేదన్నాడమ్మా," అన్నాడు అతను.

"ఎవరిని అడిగావు నాయనా?"

"అమ్మినవాణ్ణే అడిగా."

పేరిందేవమ్మ అన్నం మూట విప్పి అతనికి ఇంత పెట్టి, కనుమ నెత్తి దాకా తమతో నడిచి రమ్మంది.

కనుమ నెత్తికి వచ్చాక ఎడ్లు ఆగిపోయాయి. గుర్నాథం అదిలించాడు. కదలలేదు. తోక మెలిపెట్టాడు. కదలలేదు. వాన మీదికి వస్తోంది. ఎదురుగా ఒక్క బండి మాత్రమే పట్టే దిగుడు దారి, పక్కన లోయ.

"ఏమిటి మీ గోల?" అన్నాడు గుర్నాథం.

"దిగాలి కదా," అంది ఎద్దు. "ఇక్కడ దిగి చూడాలి. తెలియదా?"

"ముసలాయన లేడు ఇక్కడ. నడవండి."

"ఆయన లేకపోతే మాత్రం? చూడకుండా మేం దిగం."

పేరిందేవమ్మ బండి దిగింది. దిగక తప్పక గుర్నాథమూ దిగాడు. మొదట ఒక చక్రం తట్టి చూశాడు, లోపమేమీ లేదు. రెండో చక్రం దగ్గరకు వెళ్ళి తట్టాడు. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర కొట్టే చీల, కుదుపులకు జారి, గోరంత పట్టుతో వేలాడుతోంది. ఇంకో మలుపు తిరిగితే చీల రాలేది, చక్రం ఊడేది, ఊరి విత్తనాలన్నీ మిరపకాయల వెనకే పోయేవి.

గుర్నాథానికి ముచ్చెమటలు పోశాయి. ఒక రాయి తీసుకుని చీలను గట్టిగా దిగగొట్టాడు. మొదటి చక్రం చీలనూ కొట్టాడు. కందెన పెట్టాడు. కాడి తాళ్ళు లాగి చూశాడు. ఎడ్లు అప్పుడు కదిలాయి.

కొంత దూరం పోయాక దారిలో ఒక గుంట వచ్చింది. ఎడ్లు ఆగకముందే గుర్నాథం తనంతట తాను దిగి, పగ్గం పట్టుకుని మెల్లగా దాటించాడు.

"వీడూ అలాగే తయారవుతున్నాడు," అంది ఒక ఎద్దు విసుగ్గా.

"మన రాత," అంది రెండోది. కానీ ఆ మాట అన్నాక రెండూ హాయిగా నడిచాయి.

బస్తాలు పెద్దకాపు ఇంట్లోకి చేరుతుండగా తొలి చినుకు పడింది. ఒక్క గింజ తడవలేదు. మర్నాడు వాగుదరిలో అందరి చేలల్లోనూ విత్తనం పడింది. పైవీధి, కిందివీధి తేడా లేకుండా అందరూ పేరిందేవమ్మ వాకిట్లోకి వచ్చి బండిని చూశారు.

"ఇంత తిరిగిన ముసలి బండిని నమ్మి ఎలా తెచ్చావమ్మా?" అన్నాడు పెద్దకాపు.

బదులు గుర్నాథం చెప్పాడు. "దూరం బండిని పాడుచెయ్యదు బావా. చూసుకోనివాడు పాడుచేస్తాడు. నాకు ఇది కనుమ మీద తెలిసింది. అత్తకు సంతలోనే తెలిసింది."

కాబట్టి పిల్లలూ, పాత వస్తువు కొనేటప్పుడు అది ఎంత తిరిగిందని కాక ఎవరి చేతిలో ఎలా తిరిగిందని అడగాలి. అదీ అమ్మేవాణ్ణి కాక, దానితో కలిసి నడిచినవాళ్ళను అడగాలి.