వేడి జావ చుట్టూ పిల్లి

"వేడి జావ గిన్నె ముందు పెడితే పిల్లి ఏం చేస్తుందర్రా?"

చేటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తూ అడిగాను. "తాగేస్తుంది" అంది మనవరాలు ఝాన్సీ. "మూతి కాలి పారిపోతుంది" అన్నాడు దాని తమ్ముడు ఓంకార్. రెండూ తప్పే. తాగకుండా, పారిపోకుండా అది చేసే మూడో పని ఒకటుంది. దాని మీద సెర్బియా వాళ్లు ఒక నుడికారమే కట్టుకున్నారు. తవిటినాయుడు చెబితే నాకు తెలిసింది.

తవిటినాయుడు చిన్నప్పుడు నా బడిలో చదివినవాడు. ఇప్పుడు ఆ దేశంలో, డాన్యూబ్ నది ఒడ్డున పడవలు బాగుచేసే యార్డులో వెల్డరు. ఆదివారాలు రుజిత్సా అనే రిటైరైన టీచరు ఇంటికి వెళ్లి భాష నేర్చుకునేవాడు. మన అలవాటు కొద్దీ ఆవిణ్ణి రుజిత్సమ్మ గారూ అని పిలిచేవాడు. ఆవిడకో పద్ధతి ఉంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు; చేతికి ఏదో ఒక పని ఇచ్చి ఊరుకుంటుంది.

ఒక ఆదివారం అతను వచ్చి కుర్చీలో కూర్చోలేదు. కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే అడిగాడు.

"మీ జంతువుల మాటలన్నీ బట్టీ పట్టానమ్మా. తేలిక సంగతిని పిల్లి దగ్గు అంటారు. తెల్లమొహం వేసుకుని చూసేవాణ్ణి రంగుల తలుపును చూసే దూడ అంటారు. అన్నీ వచ్చు. మొన్న క్యాంటీన్‌లో తోడేలంత ఆకలిగా ఉందన్నాను. ఆ వెంటనే, తడిసిన కోడిపెట్టలా ఉన్నానన్నాను, వానలో వచ్చాను కదా. ఒక్కరూ నవ్వలేదు. పైగా అప్పటి నుంచి నాతో మాటకీ మాటకీ మధ్య ఆగి, చంటిపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా మాట్లాడుతున్నారు. ఈ మాటలు మీలాగా నోట్లోంచి రావాలంటే ఏం చేయాలి?"

"ముందు ఈ జావ కలుపు, ఉండ కట్టకుండా" అంది ఆవిడ.

మొక్కజొన్న పిండిలో పాలు పోసి కాచే జావ అది. కలిపాడు. ఆవిడ కాస్త సాసరులో పోసి నేల మీద పెట్టింది. ముసలి బూడిదరంగు పిల్లి ఒకటి పొయ్యి వెనక నుంచి వచ్చింది. ముక్కు దగ్గరికి తెచ్చి చప్పున వెనక్కి తగ్గింది. ఒక చుట్టు తిరిగింది. అసలు ఆ సాసరుతో తనకేం పనన్నట్టు వీపు తిప్పి కూర్చుంది. తోక మాత్రం నేలకేసి కొడుతూనే ఉంది. మళ్లీ లేచింది, ఇంకో చుట్టు. ఇటు నుంచి తవిటినాయుడు, అటు నుంచి పిల్లి. ఒకసారి దాని తోక తొక్కబోయి తమాయించుకున్నాడు.

"మామ్మా, అది మన కాలుగాలిన పిల్లే కదా!" అంది ఝాన్సీ.

కాదమ్మా. మనం ఆ మాట నిలకడ లేనివాడి గురించి అంటాం. వాళ్లు అసలు సంగతి దగ్గరికి రాలేక చుట్టూ తిరిగేవాణ్ణి వేడి జావ చుట్టూ పిల్లి అంటారు. మన పిల్లికి కాలిపోయింది. వాళ్ల పిల్లికి ఇంకా కాలలేదు, కాలుతుందని భయం.

రుజిత్సమ్మ పిల్లిని చూస్తూనే అంది: "పోయిన ఆదివారం కూడా ఇదే అడిగావు. అంతకు ముందు వానల గురించి అడిగావు."

తవిటినాయుడు నడక ఆగిపోయింది. "అమ్మా, ఆ పిల్లిని నేనే" అన్నాడు.

ఆ తర్వాత దాచుకున్నదంతా బయటపడింది. అదే యార్డులో పనిచేస్తూ అతనితో ఒకే గదిలో ఉండే అప్పన్న కంట్లో ఇనుప రజను పడింది. వైద్యం సగంలో ఉంది. మేనేజరు ఉంచుతాననడు, పంపేస్తాననడు. రేపు సాయంత్రంలోగా పనిలో ఉంచుతున్నట్టు ఆయన కాగితం మీద సంతకం పెట్టకపోతే అప్పన్న మానని కన్నుతో విమానం ఎక్కాలి. "మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండమ్మా. నా భాష చాలదు."

"ఇప్పుడు నాకు చెప్పింది ఏ భాషలో?" అంది ఆవిడ.

మర్నాడు ఒక్కడే వెళ్లాడు. మేనేజరు కాఫీ పోయించాడు. నదిలో నీళ్లు తగ్గాయన్నాడు. కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, పనులు రావడం లేదన్నాడు. బల్ల కింద తవిటినాయుడి కాలు ఆగకుండా ఊగుతోంది. తోడేళ్లూ దూడలూ కోళ్లూ నాలుక చివర వరస కట్టాయట. అన్నింటినీ వదిలేశాడు.

"జావ వేడిగానే ఉంది సార్, నాకూ తెలుసు. అయినా తాగాల్సిందే కదా. అప్పన్న ఉంటాడా, వెళ్తాడా?"

పిల్లి పేరే ఎత్తలేదు చూశారా? మేనేజరు కప్పు కింద పెట్టి అతని వంక చూశాడు. ఇక మేనేజరు నోట మాటలు గట్టు తెగినట్టు వచ్చాయి. పనివాళ్లు రజను పడకుండా కళ్లకు పెట్టుకునే అద్దాలు అయిపోయాయని తెలిసీ తనే తెప్పించలేదన్నాడు. ఆ మాట యజమానికి ఎలా చెప్పాలో తెలియడం లేదన్నాడు. తల పట్టుకున్నాడు, ఎవర్నో తిట్టాడు. చివరికి, కన్ను మానేదాకా అప్పన్న పనిముట్ల గదిలో కూర్చుంటాడని చెప్పి సంతకం పెట్టాడు.

తవిటినాయుడు పరుగున రుజిత్సమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ ఖాళీ సాసరు కడుగుతోంది. జరిగిందంతా చెప్పాడు గానీ మొహంలో దిగులు పోలేదు.

"పని అయింది కానీ అమ్మా, నాకింకా భాష రాలేదు. ఆయన ఊపిరి తీసుకోకుండా మాట్లాడేశాడు. సగం మాటలు నాకు అందనే లేదు."

ఆవిడ సాసరు బోర్లించి చేతులు తుడుచుకుంది. "అంటే నీతో నెమ్మదిగా మాట్లాడలేదన్నమాట" అంది.

"అయితే అతనికి భాష వచ్చినట్టా, రానట్టా మామ్మా?" అన్నాడు ఓంకార్.

అరుగు మీద ఎండ అవతలి చివరికి జరిగిపోతోంది. చింతపండు ఇంకా సగం అలాగే ఉంది. ముందు ఈ గింజలు తియ్యమని చేట వాడి చేతికిచ్చి అటు జరిగాను.